బోర్డు మీద నలుగురు డాక్టర్లు: పశుసంవర్ధక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

అయ్యా,

నమస్కారం. హైదరాబాద్‌లో ఒక పశువుల ఆస్పత్రి గేటుకు ఎదురుగా నేను పంతొమ్మిదేళ్లుగా జిరాక్స్ షాపు నడుపుతున్నాను. ఏ పేట, ఏ ఆస్పత్రి అన్నది రాయడం లేదు. రాస్తే వారం తిరగకముందే అక్కడ మిగిలిన ఒక్క డాక్టరుకూ మెమో వస్తుంది. మెమోకు జవాబు టైప్ చేయించుకోవడానికి ఆయన మళ్లీ నా దగ్గరికే రావాలి. నాకు గిరాకీయే, కానీ అలాంటి గిరాకీ వద్దు.

ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడూ సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాను. మూడింటికీ రసీదులు ఇచ్చారు, ఆ మాట ఒప్పుకోవాలి. మొదటిదానికి 'సంబంధిత అధికారికి పంపడమైనది' అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. రెండోదానికీ అదే. మూడోదానికి 'పరిష్కరించబడినది' అని వచ్చింది. ఏం పరిష్కారమైందో చూద్దామని షాపు బయటికి వచ్చి నిలబడ్డాను. గేటు దగ్గర ఒక ముసలామె మేకను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. తలుపుకు 'సార్ మీటింగ్‌కు వెళ్లారు' అని చీటీ అతికించి ఉంది. ఆ చీటీ ప్రింట్ తీసింది కూడా నేనే. రోజూ చేత్తో రాయడం కష్టంగా ఉందని లామినేషన్ చేయించుకున్నారు.

అందుకని ఈసారి నలుగురికీ కనపడేటట్టు రాస్తున్నాను.

విషయం గేటుకు కట్టిన బోర్డు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు ఫ్లెక్స్. పైన 'మా వైద్యులు' అని ఆకుపచ్చ అక్షరాలు. కింద నాలుగు ఫోటోలు, నాలుగు పేర్లు, వాళ్ల చదువులు, ఏ రోజు ఎవరు ఉంటారో ఆ టైమింగ్స్. డాక్టర్లు ఎవరో ప్రజలకు తెలియాలని పైనుంచి చెప్పారట. మంచి ఆలోచనే, నేను వెక్కిరించడం లేదు. పాస్‌పోర్ట్ ఫోటోలు స్కాన్ చేసి, వెనకాల గోడలు తీసేసి, నలుగురికీ ఒకే నీలం రంగు పెట్టింది నేనే. పెద్ద డాక్టరుగారి కాలర్ నలిగి ఉంటే కంప్యూటర్‌లో ఇస్త్రీ కూడా చేశాను. బోర్డు బిల్లు 1,850 రూపాయలు. దాని సంగతి చివర్లో రాస్తాను.

బోర్డు కట్టింది 2024 ఆగస్టులో. డిసెంబర్ అయిపోయేసరికి నలుగురిలో ముగ్గురు లేరు. బోర్డు మాత్రం ఒక్కరోజు సెలవు పెట్టకుండా డ్యూటీ చేస్తోంది.

వాళ్లు ఎవరో మీకు ఫైల్‌లో కనపడదు కాబట్టి నేను చెబుతాను. జిరాక్స్ షాపువాడికి తెలిసినన్ని సంగతులు టీ కొట్టువాడికి కూడా తెలియవు. సర్టిఫికెట్లు, కులం కాగితాలు, లోన్ ఫారాలు, పిల్లల ఫీజు రసీదులు, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్లు అన్నీ నా గాజు పలక మీదుగా పోవాల్సిందే.

నలుగురిలో నాకు బాగా తెలిసినవాళ్లు ముగ్గురు. బోర్డు మీద ఆ ముగ్గురి పేర్ల పక్కనా ఒకటే డిగ్రీ ఉంటుంది, బీవీఎస్సీ అండ్ ఏహెచ్ అని. పట్టాల మీద చూస్తే మూడు యూనివర్సిటీలు. పెద్ద డాక్టరుగారిది ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం. ఆయన రాజేంద్రనగర్‌లో చదివే రోజుల్లో పశువైద్యం కూడా వ్యవసాయం వాళ్ల కిందే ఉండేది. సర్జరీ మేడం పట్టా మీద తిరుపతి ఉంటుంది. ఆమె తిరుపతిలో చదవలేదు, ఆమెదీ రాజేంద్రనగరే. 2005లో అక్కడ శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చాక ఇక్కడి కాలేజీ కూడా దాని కిందకు పోయింది. కోరుట్ల సార్‌ది రాష్ట్రం వచ్చాక పెట్టిన పి.వి. నరసింహారావు పేరు మీది యూనివర్సిటీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల చదువు. మనుషుల డాక్టర్ల ఎంబీబీఎస్ కూడా ఐదున్నరేళ్లే. ఈ లెక్క నాకు తెలియదు, మేడం చెబితే తెలిసింది. 'వాళ్లు ఒక్క జాతిని చదువుతారు అన్నా, మేం కోడి నుంచి ఏనుగు దాకా చదవాలి' అని నవ్వారు.

పెద్ద డాక్టరుగారిది నారాయణపేట వైపు. గొర్రెల కాపరుల ఇల్లు. ఎండాకాలం వస్తే ఇంటిల్లిపాదీ మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయేవారట. ఆయనకు పదకొండేళ్లప్పుడు, వానలు తగ్గిన కార్తీకంలో మందకు నీలి నాలుక వచ్చింది. మూతులు ఉబ్బి, నాలుకలు నీలంగా మారి, గొర్రెలు కుంటుకుంటూ పడిపోయాయి. కుట్టే చిన్న దోమలతో వచ్చే రోగమది. వందలో ముప్పై మిగిలాయి. అప్పుడు ఒక డాక్టరు సైకిల్ మీద వచ్చి, చచ్చిన గొర్రె నోరు తెరిచి వేలు పెట్టి చూసి, వీళ్ల నాన్న భుజం మీద చెయ్యి వేసి 'నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు, ఇది గాలిలో వచ్చింది' అన్నాడట. అప్పటిదాకా ఊళ్లో అందరూ ఏదో మొక్కు తీర్చలేదని అంటున్నారు. ఆ ఒక్క మాటకు వాళ్ల నాన్న ఏడ్చాడని, అది చూసి తను ఈ చదువు చదివానని ఒకసారి కరెంట్ పోయినప్పుడు నా షాపు మెట్ల మీద కూర్చుని చెప్పారు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కరెంట్ రాగానే లేచి వెళ్లిపోయారు.

సర్జరీ మేడం ఆర్టీసీ కండక్టర్ బిడ్డ. పుట్టి పెరిగింది సిటీలోనే. ఎంసెట్‌లో ఎంబీబీఎస్ సీటు అందకపోతే ఇందులో చేరారు. దాన్ని దాచుకోరు కూడా. 'నేను ర్యాంకు జారి ఇక్కడ పడ్డాను, పడ్డాక లేవబుద్ధి కాలేదు' అంటారు. తర్వాత సర్జరీలో ఎంవీఎస్సీ, అంటే పశువైద్యంలో పీజీ, చేశారు. ఆమె చేసిన ఒక ఆపరేషన్ నేను దగ్గరుండి చూశాను. రోడ్ల మీద తిరిగే ఆవు, పొట్ట డ్రమ్ములా ఉబ్బి మేత మానేసింది. నిలబెట్టే, ఎడమ డొక్క దగ్గర మత్తు సూదులు వేసి కోశారు. చెయ్యి లోపల పెట్టి లాగితే కవర్లు తాళ్లలా పేనుకుపోయి వచ్చాయి. పాల ప్యాకెట్లు, టిఫిన్ సెంటర్ కవర్లు, పెళ్లి డెకరేషన్ రిబ్బన్, ఒక చెప్పు. బక్కెట్లో వేసి కాటా మీద పెడితే ముప్పై కిలోల పైన తూగాయి. అందులో నా షాపు పేరు ఉన్న కవర్ ఒకటి ఉంది. మేడం చూశారు, ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి నేను కవర్లు ఇవ్వడం మానేశాను. గొప్ప కోసం చెప్పడం లేదు, అంతకు ముందు ఎన్ని ఇచ్చానో నాకే తెలుసు.

కోరుట్ల సార్ అక్కడి కాలేజీలో చదివారు కాబట్టి ఆ పేరు. వాళ్లమ్మ బీడీలు చేసి చదివించింది. ఇంటర్ ఫీజు కట్టిన రోజున అమ్మ వేళ్లకు తంబాకు మరక ఎలా ఉందో ఇప్పటికీ చెబుతారు. మొదట 1962 బండి మీద పనిచేశారు. ఫోన్ చేస్తే ఊళ్లోకి వచ్చే పశువుల అంబులెన్స్ అది, మీకు తెలిసిందే. 2022 డిసెంబర్‌లో 185 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినప్పుడు రాత్రి పదకొండు దాకా నా షాపులో కూర్చుని అప్లికేషన్ నింపారు. ఉద్యోగం రాలేదు. కాంట్రాక్ట్ మీద మా ఆస్పత్రికి వచ్చారు. కుక్కపిల్లలకు పార్వో వచ్చి నెత్తుటి విరేచనాలతో తెస్తే, సెలైన్ ఎక్కేదాకా పక్కనే కింద కూర్చునే మనిషి.

నాలుగో ఆయన గురించి నాకు పెద్దగా తెలియదు. వచ్చిన పదకొండో రోజే డిప్యుటేషన్ మీద పోయారు. జిరాక్స్‌కు కూడా రాలేదు. ఫోటో మాత్రం బాగా వచ్చింది.

ఇక ఎవరు ఎటు పోయారో చెబుతాను. 2024 అక్టోబర్ 25న పశుగణన మొదలైంది. కోరుట్ల సార్ అందులోకి పోయారు. లెక్క ముఖ్యమే, ఎన్ని పశువులున్నాయో తెలియకపోతే ఎలా. అది అయిపోతుందనగా 2025 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ అన్నారు, ఆంధ్రా నుంచి వచ్చే కోళ్ల లారీలను ఆపడానికి సరిహద్దులో చెక్‌పోస్టుకు వేశారు. అదీ ముఖ్యమే. జూన్‌లో బక్రీద్, మళ్లీ చెక్‌పోస్టు. అదీ అవసరమే. ఒక్కొక్కటి విడిగా చూస్తే ఏదీ కాదనలేం సార్. అన్నీ కలిపి చూస్తే మాత్రం ఆ మనిషి ఏడాదిగా ఒక్క పశువుకు సూది వేయలేదు. మొన్న పండక్కి ఊరికి పోతూ షాపు దగ్గర ఆగారు. 'ఎట్లున్నరు సార్' అంటే, 'లారీలు ఎక్కి దిగుతున్న అన్నా, మా అమ్మకు మాత్రం ఆస్పత్రిలోనే ఉన్నా అని చెప్తున్న' అన్నారు.

సర్జరీ మేడం సంగతి వేరు. అది కొంచెం పొడుగు. దయచేసి పూర్తిగా చదవండి, ఎందుకంటే నా మూడు అర్జీలూ ప్రధానంగా దీని గురించే.

2024 నవంబర్‌లో ఒక పొద్దున ట్రాలీ ఆటోలో బర్రెను తెచ్చారు. రెండు రోజులుగా మేత ముట్టడం లేదు, నీళ్లు తాగడం లేదు, నోటి నుంచి తీగలు తీగలుగా చొంగ. గొంతు బొంగురుపోయి ఒకటే అరుపు. యజమాని 'సారూ, గొంతుల ఏమో ఇరికింది, జామకాయ గిట్ట మింగిందేమో, జర చెయ్యి పెట్టి చూడుండ్రి' అని కాళ్లావేళ్లా పడ్డాడు. పెద్ద డాక్టరుగారు మీటింగ్‌లో ఉన్నారు. అటెండర్ లేడు, పాతాయన రిటైరయ్యాక ఆ పోస్టులో ఎవరూ రాలేదు. మోచేతి దాకా వచ్చే గ్లవ్స్ అయిపోయి నెల దాటింది, ఇండెంట్ పెట్టిన కాగితం కాపీ నా దగ్గర ఉంది. మేడం చేతికి పాలిథిన్ కవర్ చుట్టుకున్నారు. అది జారకుండా నా షాపు నుంచి రబ్బర్ బ్యాండ్లు తెప్పించుకున్నారు. నేనే తీసుకెళ్లి ఇచ్చాను, రెండు వేశాను.

బర్రె తలను ముగ్గురం పట్టుకున్నాం. మేడం నోట్లో చెయ్యి పెట్టి గొంతు దాకా తడిమారు. ఏమీ ఇరకలేదు. చెయ్యి బయటికి తీసేటప్పుడు దవడ పళ్లు గీసుకుని కవర్ చిరిగింది. మణికట్టు మీద రెండంగుళాల గీత, సన్నగా నెత్తురు. ఆమె ముఖం అప్పుడు చూశాను. నొప్పి కాదు. ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయారు. యజమానిని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు, 'దీన్ని ఈ మధ్య కుక్క కరిచిందా?' అతను కాసేపు ఆలోచించి, 'రెండు నెలల కింద ఏదో మీద పడ్డదమ్మా, కొంచెమే' అన్నాడు.

మేడం నల్లా దగ్గరికి వెళ్లి పావుగంట సేపు సబ్బుతో చెయ్యి కడుక్కున్నారు. నేను వాచీ చూశాను కాబట్టి పావుగంట అని చెప్పగలుగుతున్నాను. మా అందరినీ కూడా కడుక్కోమన్నారు. మూడో రోజు బర్రె చచ్చిపోయింది. మెదడు పరీక్షలో రేబిస్ అని తేలింది.

నారాయణగూడలో కుక్కకాటు టీకాలు వేసే ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో మేడం టీకాలు వేయించుకున్నారు, నేను కూడా. అక్కడివాళ్లు బాగా చూశారు, వాళ్లకు దండం. మేడంకు గాయం ఉంది కాబట్టి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ సూదులు కూడా గుచ్చారు. ఇంట్లో ఎనిమిది నెలల పాప. పాలిచ్చే తల్లి టీకా వేసుకోవచ్చని ఆమెకు తెలుసు. తెలిసినా టెన్షన్ పోదు కదా. లైన్‌లో మా ముందు బర్రె యజమాని, అతని భార్య, ఇద్దరు పిల్లలు, వాళ్ల దగ్గర పాలు పోయించుకునే రెండు ఇళ్లవాళ్లు. అందరూ కలిపి ఒకటే ఏడుపు, ఆ పాలు తాగాం, చచ్చిపోతామని. మేడం చేతికి కట్టుతోనే లైన్‌లో నిలబడి వాళ్లకు చెప్పడం మొదలుపెట్టారు. మరగబెట్టిన పాలతో భయం లేదమ్మా, పచ్చిపాలు ఎవరైనా తాగారా, దాని చొంగ ఎవరి చేతికైనా అంటిందా, చేతుల మీద గోటి గాట్లు ఏమైనా ఉన్నాయా అని ఒక్కొక్కరినీ అడిగి, ఎవరు లోపల డాక్టరుకు ముందు చూపించుకోవాలో చెప్పారు. ఆమె నంబర్ దాటిపోయింది. నేను వెళ్లి మళ్లీ చీటీ తెచ్చాను.

ఆ రోజు తిరిగి వస్తూ ఆటోలో నేను అడిగాను, 'మేడం, మీరు రోజూ కుక్కలకు రేబిస్ సూదులు వేస్తారు కదా, మీకు ముందే వేయరా?' అని. వేయాలి. పుస్తకంలో ఉంది. ఈ పనిలో ఉన్నవాళ్లు ముందుగానే మూడు డోసులు వేసుకుని ఉంటే, ఇలాంటిది జరిగినప్పుడు రెండు బూస్టర్లతో సరిపోతుంది, గాయం చుట్టూ ఆ సూదులు కూడా అక్కర్లేదు. మరి ఎవరు వేయించాలి? అది ఎవరి ఫైల్‌లోనూ లేదు. మా ఆస్పత్రి ఫ్రిజ్‌లో కుక్కల టీకాలు నిండుగా ఉంటాయి. డాక్టరుకూ, కంపౌండర్‌కూ వేసే టీకా మాత్రం ఎవరి జేబులో డబ్బుతో వాళ్లు కొనుక్కోవాలి. రోగం బయటపడితే మందు లేని జబ్బు సార్ ఇది. ఈ మాట మీ శాఖ పోస్టర్ల మీదే ఉంటుంది, వాటిలో కొన్ని నేనే ప్రింట్ చేశాను.

ఐదు డోసులూ పూర్తయ్యేసరికి డిసెంబర్. ఐదో డోసు వేసుకున్న వారానికి మేడంకు ఆర్డర్ వచ్చింది. ఆరోగ్యం ఎలా ఉంది అని అడుగుతూ వచ్చిన కాగితం కాదు. ఆఫీసులో డేటా పనికి డిప్యుటేషన్. పశువుల చెవి పోగుల మీది పన్నెండు అంకెల నంబర్లు యాప్‌లో సరిగ్గా ఎక్కాయో లేదో చూసే పని. ఎడమ డొక్క కోసి ముప్పై కిలోల కవర్లు తీసిన చెయ్యి ఇప్పుడు ఎక్సెల్ షీట్లు సరిచేస్తోంది. ఆర్డర్ కాపీ జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చినప్పుడు ఎన్ని కాపీలు మేడం అంటే, రెండు అన్నారు. పైసలు తీసుకోనన్నాను. టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయారు.

అప్పటి నుంచి పెద్ద డాక్టరుగారు ఒక్కరే.

ఒక్కరు ఏం చేస్తారో మీరు ఒకరోజు వచ్చి చూస్తే బాగుంటుంది. చెప్పి రావద్దు. చెప్పి వస్తే ముందురోజే సున్నం వేయించి, ముగ్గురినీ ఒక్కపూటకు పిలిపిస్తారు. పొద్దున ఎనిమిదికల్లా గేటు ముందు ఇరవై, ముప్పై మంది ఉంటారు. కుక్కలు, పిల్లులు, మేకలు, కోళ్లు, అప్పుడప్పుడు కోతులు ఆడించేవాళ్ల కోతి. పట్టుకునే మనిషి లేడు కాబట్టి డాక్టరే పట్టుకోవాలి, డాక్టరే సూది వేయాలి, డాక్టరే రిజిస్టర్ రాయాలి, డాక్టరే ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి. పెద్ద కుక్క వస్తే ఆయన గేటు దాకా వచ్చి నా వైపు చూస్తారు. పిలవరు, చూస్తారు అంతే. నేను షట్టర్ సగం దించి వెళ్లి దాని మూతికి గుడ్డ కడతాను. ముడి గడ్డం కింద వేసి చెవుల వెనక బిగించాలి, లేకపోతే విదిలించుకుంటుంది. నాకు ఇప్పుడు ఆ పని బాగా వచ్చు. మీ శాఖలో అటెండర్ పోస్టు ఖాళీ ఉంటే నాకు అనుభవం కూడా ఉన్నట్టే.

ఈ సంక్రాంతికి మూడు గద్దలు, ఒక గుడ్లగూబ వచ్చాయి. అన్నీ చైనా మాంజా తెగ్గోసినవే. ఆ మాంజాను నిషేధించి ఏళ్లయింది కదా అని ఎవరూ నన్ను అడగొద్దు, అది వేరే లేఖ. ఆయన కళ్లద్దాలు రెండు జతలు మార్చుకుంటూ, నా టేబుల్ ల్యాంప్ కింద ఒక గద్ద రెక్కకు కుట్లు వేశారు. ఆయన చేతులు కొంచెం వణుకుతాయి. రెక్కను పట్టుకోగానే వణుకు ఆగిపోయింది.

మరో రోజు ఒక ఆటో డ్రైవర్ పిల్లిని తెచ్చాడు. జ్వరంగా ఉందని తను వేసుకునే పారాసిటమాల్ సగం మాత్ర వేశాడు. పిల్లికి అది విషం. నాలుక గోధుమరంగులోకి తిరిగిపోయింది. బతకలేదు. అతను గంట సేపు ఆస్పత్రి అరుగు మీద కూర్చుని 'నేనే చంపిన, నేనే చంపిన' అంటుంటే, లోపల పన్నెండు మంది లైన్‌లో ఉన్నా పెద్ద డాక్టరుగారు బయటికి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు. లైన్‌లో ఉన్న ఒకతను దాన్ని వీడియో తీసి 'రోగులను వదిలేసి కబుర్లు చెబుతున్న డాక్టర్' అని వాట్సాప్‌లో పెట్టాడు. దాని మీద సంజాయిషీ అడిగారు. సంజాయిషీ టైప్ చేసింది నేనే. మూడు లైన్లు. తప్పయింది అని రాయమన్నారు. నేను రాయలేదు, 'పరిస్థితిని వివరించాను' అని రాశాను. ఆయన చూసుకోకుండా సంతకం పెట్టారు.

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు వీధికుక్కల మీద ఆర్డర్ ఇచ్చినప్పటి నుంచి కాలనీ అసోసియేషన్లవాళ్లు రోజూ వస్తున్నారు. కుక్కలకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, తెచ్చిన చోటే వదలాలి అంటున్నారు కదా, ఎప్పుడు చేస్తారు, ఎవరు చేస్తారు అని. అది ఈ ఆస్పత్రి పని కాదని ఆయన చెబితే వినరు. బోర్డు చూపిస్తారు. 'నలుగురు డాక్టర్లున్నరు గదా సార్!'

అదిగో, ఆ బోర్డు వల్ల వచ్చిన లాభం.

కొత్త ఎక్స్‌రే మిషన్ ఇస్తామన్నారు, రాత్రి డ్యూటీ పెడతామన్నారు. ఎవరన్నారో రాయను. మీరు కాకపోవచ్చు. అన్నవారి పేరు శిలాఫలకం మీద ఉంది, ఆ ఫలకానికి ఇప్పుడు మేకలు కడుతున్నారు. మిషన్ లేకపోయినా ఏదోలా నడుస్తుంది సార్. మనుషులు లేకపోతే నడవదు. నేను అడిగేది మనుషులను. మేడంను పంపండి. కోరుట్ల సార్‌ను పంపండి. నాలుగో ఆయనను కూడా పంపండి, పరిచయమైనా అవుతుంది. ఒక అటెండర్‌ను ఇవ్వండి. అందరికంటే ముందు, అక్కడ పనిచేసే ప్రతి మనిషికీ ఆ మూడు డోసులు వేయించండి. ఒక్క మా ఆస్పత్రికే కాదు, సిటీలో ఉన్న అన్ని ఆస్పత్రులకూ. అన్నీ ఒకేసారి కుదరకపోతే మేడంను ముందు పంపండి. లేదు, డోసులు ముందు. ఏది ముందో మీరే చూడండి, ఏదో ఒకటి మొదలుపెట్టండి.

పోయిన వారం పెద్ద డాక్టరుగారు షాపుకు వచ్చారు. మామూలుగా ఒక కాగితం, రెండు కాగితాలు తెస్తారు. ఈసారి పెద్ద కట్ట. పెన్షన్ కాగితాలు, ఆరు సెట్లు. నవంబర్ నెలాఖరుకు ఆయనకు అరవై ఒకటి నిండుతాయి. సర్వీస్ రిజిస్టర్ పేజీలు తిప్పుతూ కాపీలు తీస్తుంటే ముప్పై ఏళ్లకు పైగా ఆయన తిరిగిన ఊళ్లన్నీ వరసగా కనపడ్డాయి. మక్తల్, కోస్గి, ఆత్మకూర్, ఆ తర్వాత సిటీ. 'సార్, మీరు పోతే ఇక్కడ ఎవరు?' అన్నాను. ఆయన గేటు వైపు చూసి, 'బోర్డు ఉంది కదా' అన్నారు. జోక్ చేశారో, నిజంగానే అన్నారో నాకు అర్థం కాలేదు.

సెప్టెంబర్ 28 వరల్డ్ రేబిస్ డే. పోయినేడు లాగే ఈసారి కూడా గేటు దగ్గర టెంట్ వేస్తారు, ఉచిత టీకాల బ్యానర్ కడతారు, పెద్దలు వచ్చి ఒక కుక్కపిల్లను ఎత్తుకుని ఫోటో దిగుతారు. బ్యానర్ ఆర్డర్ నాకే వస్తుంది, ఇంకా రెండు వారాలు ఉంది. ఆ రోజు మీరు వస్తే, కుక్కలకు వేసే బాక్స్‌తో పాటు మనుషులకు వేసే టీకాల బాక్స్ కూడా ఒకటి పట్టుకురండి. ముందు పెద్ద డాక్టరుగారికి వేయండి. ఫోటో కూడా బాగా వస్తుంది.

బోర్డు డిజైన్ ఫైల్ నా కంప్యూటర్‌లోనే ఉంది. ముగ్గురి పేర్లు తీసేయమంటే పది నిమిషాల పని, తీసేస్తాను. నవంబర్ తర్వాత మిగిలిన పెద్ద డాక్టరుగారి పేరు కూడా తీసేసి, 'మా వైద్యులు' అన్న ఆకుపచ్చ అక్షరాలు మాత్రం ఉంచుతాను. వద్దు, పేర్లు ఉంచు అంటారా, మనుషులను పంపండి. ఏది చేయమంటారో ఒక ముక్క రాయండి. 'పరిష్కరించబడినది' అని మాత్రం పంపకండి.

ఇట్లు
ఆస్పత్రి గేటుకు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపువాడు

తా.క.: ఫ్లెక్స్ బిల్లు 1,850 రూపాయలు ఏడాదిగా పెండింగ్‌లో ఉంది. ఆస్పత్రికి పంపితే ఆఫీసుకు పంపమన్నారు, ఆఫీసుకు పంపితే బోర్డు మీద ఉన్న నలుగురు డాక్టర్ల సంతకాలు కావాలన్నారు. ఒకటి దొరికింది. మిగతా మూడింటి కోసం తిరుగుతున్నాను.